ఎస్కేప్ ఫ్రమ్ కోల్డిట్జ్ బోర్డ్ గేమ్ రివ్యూ (ఇందిరానగర్ కేఫ్‌లో ఆడాం)

బెంగళూరులో బోర్డ్ గేమ్స్ ఆడే మనవాళ్ళు చాలామంది కాటాన్ దగ్గరే ఆగిపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నా. ఇందిరానగర్‌లో ఒక బోర్డ్ గేమ్ కేఫ్‌లో ఈ గేమ్ దొరికింది, 2016లో ఆస్ప్రే వాళ్ళు మళ్ళీ వేసిన ఎడిషన్. అసలు గేమ్ వచ్చింది 1973లో. తయారు చేసినవాళ్ళలో పాట్ రీడ్ ఒకరు, ఈయన కోల్డిట్జ్‌లో నిజంగా ఖైదీగా ఉండి 1942 అక్టోబర్‌లో తప్పించుకుని స్విట్జర్లాండ్ చేరిన బ్రిటిష్ ఆఫీసర్.

కోల్డిట్జ్ అంటే జర్మనీలో, శాక్సనీ అనే ప్రాంతంలో నది ఒడ్డున ఉన్న పాత కోట. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని పట్టుబడ్డ ఆఫీసర్ల క్యాంపు చేశారు, ఆఫ్లాగ్ 4-సి అనేవాళ్ళు. వేరే క్యాంపుల్లోంచి పారిపోబోయి దొరికినవాళ్ళని తెచ్చి ఇక్కడ పెట్టేవాళ్ళు, దాంతో పారిపోవడంలో చెయ్యి తిరిగినవాళ్ళంతా ఒకే కప్పు కింద చేరారు. పైగా 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఆఫీసర్లతో బలవంతంగా పని చేయించకూడదు, కాబట్టి హాజరు అయిపోతే మిగతా రోజంతా వాళ్ళ చేతుల్లోనే. ఫ్రెంచ్ వాళ్ళు గడియారం టవర్‌లోంచి మొదలుపెట్టి 44 మీటర్ల సొరంగం తవ్వేశారు. బ్రిటిష్ వాళ్ళయితే చర్చి పైన అటకలో చెక్క ముక్కలతో ఏకంగా గ్లైడరే (ఇంజిన్ లేని విమానం) కట్టారు, రెక్కలకి చుట్టిన గుడ్డ బిగుతుగా ఉండాలని మనం చీరలకి గంజి పెట్టినట్టు ఉడికించిన మిల్లెట్ పూశారు. అది ఎగరకముందే 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వచ్చేసింది.

ఇక గేమ్. ఒకరు జర్మన్ సెక్యూరిటీ, మిగతావాళ్ళు బ్రిటిష్, ఫ్రెంచ్, డచ్, పోలిష్, అమెరికన్ ఎస్కేప్ ఆఫీసర్లు. ఒక దేశం ప్లాన్ ఇంకో దేశం ప్లాన్‌ని చెడగొట్టకుండా చూడ్డానికి నిజం క్యాంపులో కూడా ఈ పోస్ట్ ఉండేది, కొంతకాలం బ్రిటిష్ వాళ్ళకి రీడే చూశాడు. గోడ దూకేముందు కాగితాలు, మారువేషం, తిండి, దిక్సూచి నాలుగూ ఉండాలి, ఆ తర్వాత తాడు, వైర్ కట్టర్లు, తాళంచెవులు. నాకు బాగా నచ్చింది ఇదే, గంటన్నర సేపు ఎవ్వరూ ఎక్కడికీ పారిపోరు, గదుల్లో తిరుగుతూ సామాను పోగేస్తారు, బోర్ కొడుతుందేమో అనుకుంటాం కానీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. మాలో కర్నూలు అబ్బాయి సెక్యూరిటీ తీసుకున్నాడు, నోరెత్తకుండా గార్డుల్ని ఒక్కో గడి జరుపుతూ మా కొలీగ్ వాళ్ళ మిసెస్‌ని పట్టేశాడు, "అక్కా, ఆ కిటికీ కింద ఇందాకట్నుంచి ఏం చేస్తున్నారు?" అని. ఆవిడ డచ్ టీమ్, చేతిలో తాడు ఉంది, అన్నీ ఉన్నాయి, ఒక్క గడి ఆలస్యమైంది, నేరుగా సాలిటరీ, అంటే ఒంటరి జైలు గది.

డూ ఆర్ డై అని ఒక కార్డు ఉంది, దాంతో ట్రై చేసి ఫెయిలైతే గేమ్ నుంచే అవుట్. అది తీసేటప్పుడు మైక్ సింక్లెయిర్ గుర్తొచ్చాడు. 1944 సెప్టెంబర్‌లో పట్టపగలు కంచె ఎక్కి దూకి పరిగెడుతుంటే కాల్చేశారు, కోల్డిట్జ్‌లో పారిపోబోతూ చనిపోయింది ఆయన ఒక్కడే.

కాగితాలు, మ్యాపులు అంత ముఖ్యమా అనిపిస్తే మనవాళ్ళ కథే చూడండి. 1971 యుద్ధంలో పట్టుబడ్డ మన ఎయిర్‌ఫోర్స్ పైలట్లు దిలీప్ పారుల్కర్, గ్రేవాల్, హరీష్ సిన్హ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి క్యాంపు గోడకి కన్నం వేసి బయటపడి ఆఫ్ఘన్ బోర్డర్ దగ్గరి దాకా వెళ్ళిపోయారు. అక్కడ పాత మ్యాప్‌లో ఉన్న లండీ ఖానా స్టేషన్‌కి దారి అడిగారు, ఆ స్టేషన్ 1932లోనే మూతబడింది, దాంతో అనుమానం వచ్చి పట్టేసుకున్నారు. అంత ధైర్యం చేసి ఒక పాత మ్యాప్ దగ్గర దొరికిపోవడం, చదివిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

గేమ్ మీద నా కంప్లైంట్ ఒకటే కానీ పెద్దది. కోల్డిట్జ్‌లో ఉన్న ఒకే ఒక్క భారతీయుడు, గయలో పుట్టిన డాక్టర్ బీరేంద్రనాథ్ మజుందార్‌కి బోర్డు మీద ఎక్కడా చోటు లేదు. ఒంటి రంగు చూస్తే బయట వెంటనే గుర్తుపడతారని తోటి బ్రిటిష్ ఆఫీసర్లు ఆయన్ని పారిపోనివ్వలేదు, గూఢచారేమో అని కూడా అనుమానించారు. జర్మన్లు తమ పక్షాన చేరమని బెర్లిన్ తీసుకెళ్ళి సుభాష్ చంద్రబోస్‌ని కలిపించినా మజుందార్ ఒప్పుకోలేదు. 1943లో నిరాహార దీక్ష చేసి ఫ్రాన్స్‌లో ఉన్న ఇండియన్ల క్యాంపుకి మార్పించుకున్నాడు, 1944లో అక్కడి నుంచి తప్పించుకుని నడిచి స్విట్జర్లాండ్ చేరాడు. ఇన్ని దేశాలకి పావులు పెట్టినప్పుడు కనీసం రూల్ బుక్‌లో ఒక పేజీ అయినా ఆయనకి రావాలి కదా.

కేఫ్ విషయానికొస్తే నేర్పించిన అబ్బాయి ఓపికగా చెప్పాడు, తెలుగు కూడా వచ్చు. కానీ వాళ్ళ సెట్‌లో కొన్ని కార్డులు మిస్సింగ్, బోర్డు పెద్దది టేబుల్ చిన్నది, కాఫీ కప్పులు ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది. మూడు గంటలు ఈజీగా పడుతుంది, బిల్లు గంటల లెక్కన వేస్తారు కాబట్టి ఐదారుగురు ఉంటేనే గిట్టుబాటు. ఇద్దరే అయితే ఈ గేమ్ జోలికెళ్ళొద్దు. శని ఆదివారాలు ఫుల్ గోల, వీక్‌డే సాయంత్రం ముందే ఫోన్ చేసి లోపలి పెద్ద టేబుల్ అడగండి, సెక్యూరిటీ రోల్ మాత్రం మీలో తక్కువ మాట్లాడేవాళ్ళకి ఇవ్వండి.