ఫంక్షన్ హాల్ కార్పెట్లకు వ్యాన్ మెషినా, పోర్టబులా?

నల్గొండ, మహబూబ్‌నగర్ ఫంక్షన్ హాళ్ల కార్పెట్లు కడగడానికి పెద్ద మెషిన్ కొనాలంటే దారులు రెండు. వ్యాన్‌లో బిగించే ట్రక్ మౌంట్ ఇంజిన్‌తో నడుస్తుంది, కరెంటు పోయినా పని ఆగదు. నీళ్లు పీల్చే బలం ఎక్కువ, కాబట్టి కార్పెట్ త్వరగా ఆరుతుంది. మర్నాడే ఇంకో పెళ్లి ఉంటే కావాల్సింది అదే. కానీ పైపు పొడవు పెరిగేకొద్దీ ఆ బలం తగ్గుతుంది; మూడో అంతస్తు లాడ్జి అంటే తలనొప్పే. పైగా మన బోరు నీళ్ల ఉప్పు హీటర్ కాయిల్‌లో గారలా పేరుకుంటుంది. ఆ ఉప్పు తీసే సాఫ్ట్‌నర్ ఖర్చు కూడా కలుపుకోండి.

రెండోది పోర్టబుల్, అంటే కరెంటుతో నడిచే, ఎక్కడికైనా తీసుకెళ్లగల మెషిన్. దాన్ని లిఫ్టులో ఎక్కించొచ్చు. అయితే ఒక 16 ఆంపియర్ల సాకెట్ ఇచ్చేది సుమారు 3.7 కిలోవాట్లే, హీటర్, మోటార్లు అందులోనే సర్దుకోవాలి. మురికినీళ్ల ట్యాంకు మాటిమాటికీ ఒంపాలి, అదొక విసుగు. పెద్ద హాళ్లు రోజూ దొరకనంతవరకు నేనైతే పోర్టబులే కొంటా.