ఆడపిల్లల శాఖలనూ వెతికి ఇచ్చిన వంశవృక్ష సేవ: గుంటూరులో మా అనుభవం

నాయనమ్మకు తల్లి అయిన మా తాతమ్మ సంతానాన్ని, కూతుళ్ల వైపు వారితో సహా, పెళ్లిళ్ల వివరాలతో వరుసగా రాసి ఇమ్మని గుంటూరు బ్రాడీపేటలో వంశవృక్షాలు తయారుచేసే ఒక చిన్న సంస్థకు పోయిన ఏడాది పని అప్పగించాము. రుసుము 18,000 రూపాయలు, గడువు 5 నెలలు అన్నారు. 7 నెలలు పట్టింది. పని మొత్తం మీద తృప్తిగానే ఉన్నా, రెండు లోపాల గురించి చెప్పక తప్పదు.

ముందు మెచ్చుకోవలసిన సంగతి. మన రాష్ట్రంలో వివాహ నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది కాబట్టి, మా తాతమ్మ కూతుళ్ల పెళ్లిళ్లకు ప్రభుత్వ కాగితం దొరుకుతుందని మేము ఆశ పెట్టుకోలేదు. వారు మాత్రం ఆ పెళ్లిళ్లను పొలం దస్తావేజుల్లో వెతికారు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒకటవ ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండవ ఇండెక్సు ఆస్తుల మీద ఉంటుంది. ఇంటిపేరు మారిపోయిన ఆడపిల్ల పేరుతో వెతికితే చిక్కదు గనుక, మా ఊరి పొలాన్ని పట్టుకుని రెండవ ఇండెక్సు నుంచి వెనక్కి వచ్చారు. 1951 నాటి ఒక విక్రయ దస్తావేజులో "నా తండ్రిగారు నా వివాహకాలమందు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిన" ఎకరంన్నర అని రాసి, అమ్మినవారిని తెనాలి తాలూకా కాపురస్తురాలిగా, ఫలానావారి భార్యగా చూపారు. అరవై ఏళ్లుగా ఎవరికీ జాడ తెలియని మూడో కూతురు ఆ ఒక్క వాక్యంతో బయటపడింది. పసుపు కుంకుమల పొలాన్ని చాలా ఇళ్లలో నోటిమాటతోనే ఇచ్చేవారు కాబట్టి, ఆమె ఆ పొలాన్ని అమ్ముకోకపోతే ఆ శాఖ మాకు దొరికేది కాదేమో.

క్రైస్తవంలోకి వెళ్లిన శాఖకు ఇంత శ్రమ పడలేదు. 1842లో హేయర్ దొర గుంటూరుకు వచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈ ప్రాంతంలో సంఘాలు ఉన్నాయి. ఆ శాఖవారి చర్చి వివాహ రిజిస్టరులో వధూవరుల తండ్రుల పేర్లు కూడా ఉండడం వల్ల రెండు రోజుల్లో పని పూర్తయింది.

ఇక లోపాలు. తాతమ్మ పెద్ద కూతురి కుమార్తెను తాతమ్మ చిన్న కొడుకుకే ఇచ్చారు. అంటే మనవరాలే కోడలు. మేనరికాలు మామూలైన మన జిల్లాలో పనిచేసే సంస్థ దీనికి సిద్ధంగా ఉండాలి కదా! వారి సాఫ్ట్‌వేర్ ఆమెను ఇద్దరు మనుషులుగా రెండు చోట్ల చూపి, ఆమె పిల్లలను ఒక కొమ్మలో మనవలుగా, మరో కొమ్మలో మునిమనవలుగా లెక్కించింది. 212 మంది అని అచ్చు వేసి ఇచ్చిన పటంలో, మా పెద్దత్తయ్య పెన్సిలుతో కొట్టివేస్తూ పోగా 187 మంది మిగిలారు. రెండోది, తేదీల సంగతి. మేమిచ్చిన లగ్నపత్రికలో క్రోధి సంవత్సర మాఘమాసమని ఉంటే దానిని 1904 అని వేశారు. క్రోధి 1904 ఉగాదితో మొదలైనా, దాని మాఘం 1905 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతుంది.

పటానికి ముందు మెకంజీ కైఫియత్తుల (కంపెనీ కాలంలో మెకంజీ దొర సేకరింపజేసిన గ్రామ చరిత్రల) నుంచి తీసుకున్న ఊరి చరిత్ర 30 పేజీలు ఉంది. చదవడానికి బాగానే ఉంది గాని, మేము అడిగింది పెళ్లిళ్ల గురించి. ఆ పేజీల బదులు 1859 నుంచి 1904 దాకా గుంటూరు ప్రాంతం మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లాలో ఉండేదని, ఆ కాలపు జిల్లా కాగితాల కోసం అటు కూడా చూడాలని ఒక్క పేరా రాసి ఉంటే మాకు ఎక్కువ ఉపయోగపడేది.

తప్పులు చూపినప్పుడు వాదించకుండా, అదనపు రుసుము అడగకుండా పటాన్ని సరిచేసి మళ్లీ ఇచ్చారు. ఈ సేవను తీసుకునేవారు తమ ఇంట్లోని మేనరికాలు, కుండమార్పిడి పెళ్లిళ్లు, దత్తతల జాబితాను మొదటి రోజే రాసి ఇవ్వడం మంచిది. పటంతో పాటు గెడ్‌కామ్ ఫైలు (వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లన్నిటిలో తెరుచుకునే రకం ఫైలు) కూడా కావాలని ఒప్పందంలో రాయించుకోవాలి. మాకు మొదట పీడీఎఫ్ మాత్రమే చేతిలో పెట్టారు.