షిట్జూ పిల్లను ఎక్కడ కొనాలి: షాపులోనా, కెన్నెల్‌లోనా, ఇంటి బ్రీడర్ దగ్గరా?

షిట్జూనో పామ్‌నో (పామరేనియన్) లాంటి చిన్న జాతి కుక్కపిల్లను కొనాలనుకునేవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. నేనైతే ముందు తల్లిని చూపించమంటాను. చూపించలేనివాళ్ల దగ్గర కొనను.

పిల్లలు పుట్టిన చోటికే వెళ్లి, తల్లి పక్కన ఉండగా చూడండి. కాన్పు తర్వాత బొచ్చు కొంత రాలడం మామూలే. కానీ ఎముకలు తేలి, మనిషి అలికిడికే మూలకు నక్కుతోందంటే ఆ ఇంట్లో దాన్ని ఎలా చూస్తున్నారో తెలిసిపోతుంది. షిట్జూ అయితే ముక్కు రంధ్రాలు చూడండి. మరీ ఇరుకుగా ఉండి, ఊరికే కూర్చున్నా గురక వస్తుంటే పిల్లలకూ ఆ బాధ రావచ్చు. పామ్‌ను కాసేపు నడిపించమనండి. మధ్యమధ్యలో వెనక కాలు ఎత్తి గెంతుతుంటే మోకాలి చిప్ప జారుతోందేమో అనుమానించాలి. ఎన్నో ఈత అని కూడా అడగండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఐదు ఈతలు అయిపోయిన కుక్కను మళ్లీ కట్టించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చిన్న జాతి పిల్లల్ని తొందరగా తల్లి నుంచి వేరుచేస్తే తిండి మానేసి, ఒంట్లో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

పెట్ షాపులో ఇవేవీ చూసే వీలుండదు. పైగా వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పిల్లలు పక్కపక్కనే ఉంటాయి. పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ సోకినా లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. షాపులో గెంతులేసిన పిల్ల ఇంటికొచ్చాక వాంతులు, రక్త విరేచనాలతో పడిపోవడం అందుకే.

కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు ఇచ్చే కెన్నెళ్లలో, అంటే కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మే కేంద్రాల్లో, మంచివి ఉన్నాయి. డాగ్ షోలకు తీసుకెళ్లాలంటే ఆ పేపర్లు కావాలి. కానీ అవి చెప్పేది వంశం గురించి మాత్రమే, ఆరోగ్యం గురించి కాదు. అక్కడా తల్లిని చూడాల్సిందే.

అందుకే ఒకటి రెండు ఆడకుక్కల్ని ఇంట్లో మనుషుల మధ్య పెంచుకునే బ్రీడర్ వైపే నా మొగ్గు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. పిల్లల్ని ఎక్కడినుంచో తెచ్చి, ఏదో కుక్కను తల్లిగా చూపించేవాళ్లూ ఉన్నారు. పాలిచ్చే తల్లి పొదుగు చూస్తే తెలిసిపోతుంది.

ఫోటో పంపి, అడ్వాన్స్ తీసుకుని, బస్‌స్టాండ్‌లో పిల్లను అందిస్తామనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. దత్తతకు చిన్న జాతి కుక్కలు అప్పుడప్పుడూ దొరుకుతాయి, వయసు పట్టింపు లేకపోతే అదీ మంచిదే.

ఎక్కడ తీసుకున్నా టీకా కార్డు మీద డాక్టర్ సంతకం, తేదీతో పాటు వ్యాక్సిన్ సీసా స్టిక్కర్ అతికించి ఉందో లేదో డబ్బు ఇచ్చే ముందే చూసుకోండి.