నూలు మీద సైనోటైప్: సబ్బుపొడి తగలనంత వరకే నీలం

సైనోటైప్ అంటే ఇనుము లవణాల మందు పూసి, ఎండ తగిలిన చోట నీలం బొమ్మ వచ్చేలా చేసే అచ్చు పద్ధతి. దాని రెండు సీసాల మందును మంగళగిరి నూలు గుడ్డ మీద చాలాకాలంగా వాడుతున్నాను. కలపడం, పూయడం, ఎండకు పెట్టడం అందరికీ తెలిసినవే. నా గొడవంతా ఉతకడంతోనే.

గంజి పూర్తిగా వదిలిన గుడ్డ మీద ఈ నీలానికి సాటి లేదు. మందు పోగు లోపలికి దిగుతుంది, మామూలు నీళ్లలో జాడిస్తే రంగు కారదు. ఆ ధైర్యంతోనే దిండు గలీబులకు వేశాను. బట్టల సబ్బుపొడిలో నానేసరికి నీలమంతా పోయి, బొమ్మ ఉన్నచోటల్లా తుప్పు పసుపు మిగిలింది.

కారణం క్షారం. ఈ నీలం, అంటే ప్రష్యన్ బ్లూ, పలుచని ఆమ్లానికి చెక్కుచెదరదు, క్షారం తగిలితే మాత్రం విడిపోతుంది. అందులోని ఫెర్రోసైనైడ్ అనే భాగం నీళ్లలో కరిగిపోతుంది, ఇనుము హైడ్రాక్సైడుగా మారి పోగులను పట్టుకుంటుంది. ఆ పసుపు అదే. ఫెర్రోసైనైడ్ కొట్టుకుపోయాక వెనిగర్‌లో ముంచినా నీలం తిరిగి రాదు. అందుకే చాకలి సోడా, బ్లీచింగ్ పౌడర్ కూడా దగ్గరికి రానివ్వకూడదు. బోరు నీళ్లలోనూ చాలాచోట్ల కొంత క్షారం ఉంటుంది. ప్రింటు కడిగే మొదటి నీళ్లలో లీటరుకు చెంచాడు నిమ్మ ఉప్పు వేస్తే లేత ఛాయలు నిలుస్తాయి.

ఉతకడానికి నేను నమ్మేది కుంకుడు రసాన్నే. దానిది కాస్త ఆమ్ల గుణం కనుక నీలం జోలికి పోదు. గుడ్డలో వడగట్టి, చల్లారాకే వాడాలి.

పాడైన గలీబులు వృథా కాలేదు. కలంకారీలో నలుపు వచ్చేది కరక్కాయలోని వగరు పదార్థమైన టానిన్‌తో ఇనుము కలిసి. ఇక్కడ మిగిలిన తుప్పూ ఇనుమే కదా! సబ్బు మొత్తం పోయేదాకా జాడించి, లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల కరక్కాయ పొడి కలిపి, వడగట్టి, అరగంట ముంచితే పసుపు బూడిద నలుపుకు తిరిగింది. తెల్లగా ఉన్న చోటు లేత గోధుమ వన్నెకు వస్తుంది. నాకు నచ్చింది, మల్లెపూవు తెలుపు కోరేవాళ్లకు నచ్చదు.

గోడకు వేలాడదీసే గుడ్డలకైతే నిశ్చింతగా వేయొచ్చు. ఎండకు వెలిసినా, కొన్నాళ్లు గాలి ఆడే చీకటి చోట ఉంచితే నీలం చాలావరకు తేరుకుంటుంది. రోజూ వాడే గుడ్డలకు మాత్రం నేనిక వేయను: మా ఇంట్లో నీళ్లు బోరువి, బట్టలన్నీ కలిపి మెషీన్‌లో పడతాయి. చేత్తో, కుంకుడుతో ఉతికే ఓపిక ఉన్న ఇళ్ల సంగతి వేరు.