మెల్లనాక్స్ కనెక్ట్‌ఎక్స్-3: ఫర్మ్‌వేర్ పోయినా తిరిగి లేచే కార్డు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిత్రుడి స్టూడియోలో నాస్ పెట్టెకూ (అందరూ వాడుకునే ఫైళ్లు దాచే మెషీన్) ఎడిటింగ్ మెషీన్లకూ మధ్య ఏళ్లుగా ఈ నెట్‌వర్క్ కార్డులే నడుస్తున్నాయి. ఎంసీఎక్స్311ఎ అనే సింగిల్ పోర్టు రకం, 10 గిగాబిట్, అన్నీ సెకండ్ హ్యాండే. వాటి బాగోగులు చూసేది నేను. వేగం గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగను: పీసీఐఈ 3.0 నాలుగు లేన్ల కార్డు, పెద్ద స్లాట్‌లో పెట్టినా సుబ్బరంగా కూర్చుంటుంది, డాక్ కేబుల్ (రెండు చివర్లా ప్లగ్గులు బిగించే వచ్చే కేబుల్) వేస్తే లింకు వెంటనే పైకి వస్తుంది. కాపీ నెమ్మదిగా ఉందంటే నేను చూసినంతలో తప్పు ఎప్పుడూ డిస్కులదే. నేను మళ్లీ మళ్లీ ఇదే కొనడానికి కారణం మాత్రం వేగం కాదు. ఫర్మ్‌వేర్, అంటే కార్డులోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, పూర్తిగా పాడైనా కార్డును ఇంట్లో కూర్చుని బాగుచేసుకునే దారి తయారీదారే వదిలిపెట్టాడు.

ఆ దారి ఒకసారి బాగా అక్కరకొచ్చింది. ఒక సెకండ్ హ్యాండ్ కొట్టు నుంచి వచ్చిన కార్డుల్లో ఒకటి మొదటి నుంచే మొండికేసింది. లైనక్స్‌లో పీసీఐ జాబితా (స్లాట్లలో ఉన్న కార్డుల పట్టీ) తీస్తే అది కనిపిస్తోంది, కానీ ఎంఎల్‌ఎక్స్4 అనే దాని డ్రైవర్ ఎక్కుతూనే కమాండ్ టైమవుట్ అని చెప్పి చేతులెత్తేస్తోంది. స్లాట్ మార్చాం, మెషీన్ మార్చాం, అదే పాట. ఇంతకుముందు వాడినవాళ్లు ఇంకేదో బోర్డుకు చెందిన ఫర్మ్‌వేర్ ఎక్కించబోయి మధ్యలో వదిలేసినట్టుంది. ఈ కార్డుల్లో అది మామూలే. డెల్, హెచ్‌పీ, ఐబీఎం పేర్లతో వచ్చిన సర్వర్ కార్డులకు ఎవరి ఫర్మ్‌వేర్ వాళ్లదే; దాన్ని మార్చి మెల్లనాక్స్ అసలు ఫర్మ్‌వేర్ వేసుకోవాలని చాలామంది చూస్తారు.

కార్డు మీద రెండు చిన్న పిన్నులుంటాయి, కొన్నిటిలో పిన్నులు లేక రెండు రంధ్రాలే ఉంటాయి. వాటిని ఎఫ్‌ఎన్‌పీ అంటారు, ఫ్లాష్ నాట్ ప్రెజెంట్. మెషీన్ పూర్తిగా ఆపి, ఆ రెండిటినీ కలిపి ఉంచి ఆన్ చేస్తే కార్డులోని ప్రధాన చిప్పు తనకు ఫర్మ్‌వేర్ దాచే ఫ్లాష్ చిప్పే లేదనుకుంటుంది. చెడిపోయిన ఫర్మ్‌వేర్ జోలికే పోకుండా తనలో పుట్టుకతో ఉన్న కొద్దిపాటి బుద్ధితో లేస్తుంది. వీధి తలుపు తాళం పట్టేసినా పెరటి తలుపు తీసి ఉన్నట్టు. అప్పుడు పీసీఐ జాబితాలో దాని పేరే మారిపోతుంది. ఈథర్‌నెట్ కంట్రోలర్ అని ఉండాల్సిన చోట మెమరీ కంట్రోలర్ అనీ, పక్కన కనెక్ట్‌ఎక్స్-3 ఫ్లాష్ రికవరీ అనీ కనిపిస్తుంది. ఈ మాట కనిపించిందంటే కార్డు బతికే ఉంది. జాబితాలో అసలేమీ రాకపోతే సంగతి ఫర్మ్‌వేర్ దాటిపోయినట్టే; కరెంటు భాగమో, చిప్పో, స్లాటో చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. సిస్టమ్ పూర్తిగా బూట్ అయ్యాక ఆ రెండు పిన్నుల మధ్య కలిపిన తీగను తీసేయాలి. తీయకపోతే ఫ్లాష్ నిజంగానే అందదు, రాయడానికి ఏమీ ఉండదు. అందుకే ట్వీజర్స్‌తో పట్టుకుని కూర్చోకుండా సన్నటి తీగ ముక్కను బిగించుకుంటే మేలు. అది పక్కనున్న భాగాలకు తగలకూడదు.

తర్వాత పనంతా ఎంఎస్‌టీఫ్లింట్‌ది, ఈ కార్డుల ఫర్మ్‌వేర్ చదివి రాసే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్, డెబియన్, ఉబుంటు భాండాగారాల్లోనే దొరుకుతుంది; కొత్త వెర్షన్ ఈ పాత కార్డును గుర్తించకపోతే పాత వెర్షన్ వాడాలి. అసలు ఈ సమీక్షలో సగం మార్కులు దీనికే వేయాలి. ముందు క్వెరీ కమాండ్ ఇచ్చి ఫ్లాష్‌లో ఏం మిగిలిందో చదవాలి. కొంచెమైనా మిగిలుంటే పీఎస్‌ఐడీ అనే బోర్డు గుర్తింపు దొరుకుతుంది. మనం ఎక్కించే ఫైలు సరిగ్గా ఆ పీఎస్‌ఐడీదే అయి ఉండాలి. తేడా ఉంటే ఎంఎస్‌టీఫ్లింటే ఒప్పుకోదు, బలవంతం చేసే ఆప్షన్ ఉంది గానీ ఏం చేస్తున్నారో తెలిస్తేనే దాని జోలికి పోండి. క్వెరీలో ఏమీ రాకపోతే కార్డు మీది స్టిక్కరే ఆధారం. దాని మీద పార్టు నంబరు, రివిజన్, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కార్డును గుర్తించే నంబరు) అన్నీ అచ్చేసి ఉంటాయి. కార్డు స్లాట్‌లో పెట్టకముందే స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

మామూలు రోజుల్లో ఎంఎస్‌టీఫ్లింట్ రాసే పద్ధతి చాలా జాగ్రత్తైనది. పాత ఫర్మ్‌వేర్‌ను ముట్టుకోకుండా కొత్తదాన్ని ఫ్లాష్‌లో వేరే చోట రాస్తుంది, సరిగ్గా పడిందని చూసుకున్నాకే పాతదాన్ని చెల్లదని గుర్తు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది ఉంటుంది. కానీ ఫ్లాష్ మొదలే చెడిపోయిన కార్డుకు ఈ రక్షణ కుదరదు. నో ఫెయిల్‌సేఫ్ అని అర్థమొచ్చే ఆప్షన్ ఇచ్చి మొత్తం తిరగరాయాలి, పోయిన జీయూఐడీ (ఇదీ కార్డు గుర్తింపు నంబరే), మ్యాక్ అడ్రస్‌లను మనమే చేత్తో ఇవ్వాలి. ఇది యూపీఎస్ మీదే చేయాలి. ఎండాకాలం మధ్యాహ్నం అసలు వద్దు, మా వైపు కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. రాయడం అయ్యాక మెషీన్ ఆపి మళ్లీ వేస్తే మా మొండి కార్డు తన పాత మ్యాక్‌తోనే నెట్‌వర్క్‌లోకి వచ్చింది. ఇప్పుడది ఆడియో మెషీన్‌లో ఉంది, ఇంతవరకు మళ్లీ పేచీ పెట్టలేదు.

ఇంకో చిన్న లాభం. ఇదే ఎంఎస్‌టీఫ్లింట్‌తో నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడానికి కార్డులో ఉండే బూట్ రోమ్ (ROM)ను తీసేయొచ్చు. నెట్‌వర్క్ నుంచి బూట్ చేయనివాళ్లకు దానివల్ల మెషీన్ ఆన్ అవడం ఆలస్యం కావడం తప్ప ఒరిగేదేమీ లేదు. నేను ప్రతి కార్డుకూ తీసేస్తాను. దానికి ముందు ఉన్న ఫర్మ్‌వేర్ మొత్తాన్ని ఫైలుగా చదివి దాచుకుంటాను.

ఆ దాచుకోవడం ఎందుకో 2008 నాటి ఇంటెల్ కార్డుల కథ చెబుతుంది. లైనక్స్ 2.6.27 కెర్నెల్ ఇంకా పరీక్షల్లో ఉండగా ఈ1000ఈ డ్రైవర్ వాడే ఇంటెల్ గిగాబిట్ కార్డుల ఎన్‌వీఎం (కార్డు సెట్టింగులు ఉండే శాశ్వత మెమరీ) చెరిగిపోవడం మొదలైంది. అందరూ డ్రైవర్‌నే అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే దోషి ఎఫ్‌ట్రేస్, కెర్నెల్ కోడ్ ఎలా నడుస్తోందో గమనించే భాగం. అది తాను గుర్తుపెట్టుకున్న కోడ్ చిరునామాల్లో తర్వాత రాస్తుంది. ఆ కోడ్ మెమరీలోంచి వెళ్లిపోయి, అదే చిరునామా కార్డు ఫ్లాష్‌కు దక్కితే ఆ రాత నేరుగా ఫ్లాష్ మీద పడుతుంది. ముందే ఈథ్‌టూల్ అనే లైనక్స్ కమాండ్‌తో ఈప్రామ్ (ఆ శాశ్వత మెమరీయే) నకలు తీసి పెట్టుకున్నవాళ్ల దగ్గర తిరిగి రాయడానికి సరుకుంది. పాత ఇంటెల్ కార్డుల్లో మొదటి 64 పదాల మొత్తం బాబా, అంటే హెక్సాడెసిమల్ లెక్కలో బీఏబీఏ, రావాలి; రాకపోతే చెక్‌సమ్ తప్పిందని డ్రైవర్ గొణుగుతుంది.

వైఫై అడాప్టర్లతో పోల్చేవాళ్లకు ఒక మాట. ఇంటెల్ వైఫై కార్డులు, అథెరోస్ ఏఆర్9271 వంటి యూఎస్‌బీ అడాప్టర్లు నడిచే ఫర్మ్‌వేర్ వాటిలో ఉండదు, ప్రతిసారీ కంప్యూటరే ఎక్కిస్తుంది. అక్కడ ఫర్మ్‌వేర్ ఎర్రర్ వస్తే చాలాసార్లు డిస్కు మీది ఫర్మ్‌వేర్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. ట్వీజర్స్ తీయకండి.

కనెక్ట్‌ఎక్స్-3 మీద నా ఫిర్యాదులు లేకపోలేదు. మెల్లనాక్స్‌ను 2020లో ఎన్‌విడియా కొనేసింది. ఈ తరానికి అధికారిక లైనక్స్ డ్రైవర్ ప్యాకేజీ 4.9 దగ్గరే ఆగిపోయింది, ఫర్మ్‌వేర్ కూడా 2.42.5000 దగ్గర నిలిచిపోయింది. కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది కాబట్టి లైనక్స్‌లో ఇబ్బంది లేదు. విండోస్‌లో దీనికి విన్ఆఫ్ అనే పాత డ్రైవర్ వేయాలి, విన్ఆఫ్-2 దీనికి పనిచేయదు. పేర్లు ఒకేలా ఉండటంతో స్టూడియోలో కుర్రాళ్లు ప్రతిసారీ రెండోదే దించుకుంటారు. హీట్‌సింక్ చిన్నది, సర్వర్లోని గాలి వేగం లెక్కన చేసింది. మామూలు క్యాబినెట్‌లో పక్కన ఒక ఫ్యాన్ లేకపోతే మే నెలలో ముట్టుకోలేం. కార్డులోని ఎస్‌ఎఫ్‌పీ పోర్టు నుంచి మామూలు లాన్ కేబుల్‌కు మార్చే మాడ్యూల్ పెడితే ఆ వేడి ఇంకా పెరుగుతుంది, డాక్ కేబులే నయం.

కొత్తగా కొనేవాళ్లకు డబ్బు సరిపోతే కనెక్ట్‌ఎక్స్-4 ఎల్‌ఎక్స్ చూడమంటాను. 25 గిగాబిట్, కొన్ని రకాల్లో 50 వరకు వెళ్తుంది, ఎంఎస్‌టీఫ్లింట్ దానికీ పనిచేస్తుంది. ఉన్నవి కనెక్ట్‌ఎక్స్-3 అయితే అమ్ముకోనక్కర్లేదు. వాటి పీఎస్‌ఐడీకి తగ్గ ఫర్మ్‌వేర్ ఫైలు, ఈ కార్డును ఇంకా గుర్తించే ఎంఎస్‌టీఫ్లింట్ పాత వెర్షన్, ఒక లైవ్ లైనక్స్ కలిపి పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచుకోండి. మా పెన్‌డ్రైవ్ నాస్ పెట్టెకే టేపుతో అంటించి ఉంది.