చెనిక్కాయల మిల్లులో వాడిన ఎన్95 మాస్క్: నా రివ్యూ

చిత్తూరు పక్కన చెనిక్కాయల మిల్లులో పని నాది, మిషన్లో కాయలు పోసి పప్పు, పొట్టు వేరు చేసేకాడ. ఈ సీజన్‌కి తిరుపతి గాంధీ రోడ్డులో తలకి రెండు ఎలాస్టిక్‌లు వచ్చే ఎన్95 మాస్కులు తెచ్చి మావాళ్ళందరికీ ఇచ్చినా. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా.

సాయంత్రం తీసి చూస్తే బయటంతా ఎర్రమట్టి రంగు, లోపల తెల్లగానే ఉంటాది. ముక్కు మీద రేకు సరిగ్గా నొక్కకపోతే మాత్రం పక్కన గోధుమరంగు చార పడతాది, అక్కడ్నుంచే దుమ్ము దూరతా ఉందని అర్థం. గడ్డమున్నా అంతే, మా కుర్రోళ్ళు కొందరు తీసేయించుకున్నారు. చెవులకి తగిలించుకునే రకం ఇంత బిర్రుగా ఉండదు, కొనొద్దు.

తువ్వాలు చుట్టుకుంటే చాలదా అని మేస్త్రీ అడిగినాడు. చాలదన్నా! తడిసి బూజు పట్టిన మూట విప్పితే లేచేది వట్టి మట్టి కాదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి, 2, 3 మైక్రాన్లే ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), తువ్వాలు నేతలోంచి దూరి ఊపిరితిత్తుల్లో చివరి గాలిగదుల దాకా పోతాయి. ఈ మాస్క్ 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 95 శాతం ఆపుతాది. ఆ గాలిగదుల్లో మ్యాక్రోఫేజులని కాపలా కణాలుంటాయి, వాటి మీదుండే డెక్టిన్-1 అనే రిసెప్టర్, అంటే గుర్తుపట్టే కొక్కెం లాంటిది, బూజు గోడలోని బీటా గ్లూకాన్ అనే పదార్థాన్ని పట్టుకుంటాది, ఇంక ఆ కణం టీఎన్ఎఫ్ లాంటి కబురు పంపే రసాయనాలు వదిలి రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల్ని పిలిపిస్తాది, వాపు మొదలైతాది. బూజు చచ్చినా గ్లూకాన్ పోదు, ఎండలో ఆరబోసినాం కదా ఏం కాదులే అనుకోవద్దు దయచేసి. పొద్దున బూజు మూటలు దులిపినోళ్ళకి సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు రావడం ఈ దుమ్ము వల్ల జరిగేదే, దాంట్లో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం కూడా కలిసుంటాది. మర్నాటికి తగ్గిపోతాదని ఎవురూ డాక్టర్‌కి చెప్పరు, కానీ ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు దాకా పోతాది.

ఒక స్టార్ కోసింది ఎందుకంటే మధ్యాన్నానికి చెమటకి తడిసి ఊపిరాడదు, ఎలాస్టిక్ పిన్ను దగ్గర ఊడొస్తాది. ఉతికి వాడదామన్నా కుదరదు, సబ్బు తగిల్తే ఫిల్టర్‌లో దుమ్ము లాగే స్టాటిక్ చార్జ్ పోతాది. కొనేటప్పుడు ఊపిరి బయటికి వదిలే వాల్వ్ ఉండేది అడగండి, కొంచెం నయం.

మిల్లు ఓనర్లు ఎవురైనా చదువుతుంటే, మాస్కులు మీరే కొనివ్వండి సార్, కూలి డబ్బుల్లో రోజూ కొత్తది కొనలేరు. జల్లెడ దగ్గర దుమ్ము బయటికి లాగే ఫ్యాన్ కూడా పెట్టించండి.