వానాకాలం దాటిన సైకిలుకు పూర్తి ఓవరాలింగ్: మా కాలనీ దుకాణం పని ఎలా ఉంది

జూన్ నుంచి అక్టోబరు చివరి దాకా వారానికి అయిదు రోజులు నేను విశాఖపట్నంలో సైకిలు మీదే ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. రానూపోనూ 18 కిలోమీటర్లు, అందులో సగానికి పైగా బీచ్ రోడ్డు. అల్యూమినియం ఫ్రేము, వెనక 8 గేర్లు, రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే రబ్బరు బ్రేకులు ఉన్న మామూలు హైబ్రిడ్ సైకిలు అది. అక్టోబరు వచ్చేసరికి చైను కరకరలాడటం మొదలైంది, గేరు మార్చిన చాలాసేపటికి గానీ పడటం లేదు, ఎడమ పెడలు కిందికి దిగిన ప్రతిసారీ ‘టక్’ మని శబ్దం వస్తోంది. తుపాను వానలు కూడా వెలిశాక నవంబరు మూడో వారంలో మా కాలనీ చివర ఉన్న చిన్న దుకాణంలో పూర్తి ఓవరాలింగ్‌కు ఇచ్చాను.

ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, సైకిలును నా ఎదుటే విప్పి, ఏ భాగం ఎందుకు పాడైందో చేతిలో పెట్టి చూపించడం. వాన చేసే నష్టంలో ఎక్కువ భాగం పైకి కనిపించదు కాబట్టి, విప్పకుండా పైపైన నూనె పోసి పంపే చోట దాని సంగతి ఎప్పటికీ తెలియదు.

మేస్త్రి మొదట చైను మీద ఉక్కు స్కేలు పెట్టారు. కొత్త చైనులో 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి; నా చైనులో ఆ 24వ లింకు పిన్ను స్కేలు గీతను దాటి అంగుళంలో పదహారో వంతు కంటే కాస్త ఎక్కువే ముందుకు జరిగి ఉంది. చైను సాగిందని మనం అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు, లోపలి పిన్నులు అరిగి ప్రతి కీలు దగ్గరా వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది, ఆ సందులన్నీ కలిసి చైను పొడవవుతుంది. వాన నీరు నూనెను కడిగేసి, ఆ ఖాళీలోకి రోడ్డు మీది ఇసుకను మోసుకుపోతుంది. మిగిలిన కాస్త నూనెతో ఆ ఇసుక కలిస్తే కత్తికి సానపట్టే ముద్ద లాంటిదే తయారవుతుంది, మనం తొక్కిన ప్రతి తొక్కుకూ అది పిన్నులను అరగదీస్తూనే ఉంటుంది. బీచ్ రోడ్డులో దీనికి ఉప్పు గాలి కూడా తోడవుతుంది.

ఇందులో నా పొరపాటు కూడా ఉందని అప్పుడే తెలిసింది. తడిసి వచ్చిన ప్రతిసారీ చైను మీద డబ్ల్యూడీ-40 కొట్టి, నూనె వేసినట్టే అనుకున్నాను. దాని పేరులోని రెండు అక్షరాలకూ అర్థం నీటిని తొలగించడమే. ఆ పని అది బాగానే చేస్తుంది, కానీ పలుచని ద్రవం కాబట్టి చైను మీద ఎంతోకాలం నిలవదు. చైను తుడిచి ఆరాక చిక్కటి చైను ఆయిలు ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క చొప్పున వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడవాలని మేస్త్రి చేసి చూపించారు.

చైను మార్చక తప్పదన్నారు గానీ, వెనక పళ్ళ చక్రాల కాసెట్‌ను వెంటనే అంటగట్టలేదు. కొత్త చైను పాత కాసెట్ మీద జారుతుందేమో మొదట తొక్కి చూడమన్నారు. ఎత్తులో గట్టిగా తొక్కినా జారలేదు, ఆ ఖర్చు మిగిలింది. ఈ నిజాయితీకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

బ్రేకు రబ్బర్లు ఊడదీసి సూదితో గీకితే వాటిలోంచి ఇసుక రేణువులతో పాటు మిలమిలలాడే అల్యూమినియం పొట్టు రాలింది. తడి రోడ్డు మీద రబ్బరులో ఇరుక్కున్న ఇసుక, బ్రేకు పట్టినప్పుడల్లా నా రిమ్మునే చెక్కుకుంటూ వచ్చిందన్నమాట. రిమ్ము మీద గోరు ఆనిస్తే గాడి తగిలింది. అరుగుదలను తెలిపే గీత ఇంకా చెరిగిపోలేదు కాబట్టి రిమ్ము మరో ఏడాది నడుస్తుంది. రుషికొండ దిగేటప్పుడు వానలో బ్రేకు వెంటనే పట్టకపోవడం మాత్రం రబ్బర్ల దోషం కాదు, రిమ్ము మీది నీటిపొరను తుడవడానికే చక్రం ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది. ఉక్కు రిమ్ములున్న పాత సైకిళ్ళలో ఇది ఇంకా ఎక్కువ.

అసలు ఆశ్చర్యం ‘టక్’ శబ్దం దగ్గర ఎదురైంది. సీటు గొట్టం ఊడదీసి ఫ్రేమును తలకిందులు చేయగానే టీ రంగు తుప్పు నీళ్ళు గరిటెడు దాకా నేల మీద పడ్డాయి. వెనక చక్రం చిమ్మిన నీరు సీటు బిగింపు దగ్గరి చీలికలోంచి దిగి, పెడళ్ళ ఇరుసు తిరిగే గూట్లో, అంటే మెకానిక్కులు బీబీ అనే చోట, నిలిచిపోయింది. నీరు బయటికి పోవడానికి అడుగున ఉన్న చిన్న రంధ్రం బురదతో పూడిపోయింది. లోపలి బేరింగు గరగరలాడుతోంది కాబట్టి దాన్ని మార్చి, మరలకు గ్రీజు పూసి, రంధ్రం తెరిచారు. హ్యాండిలు కింది బేరింగు బాల్స్ కూడా తుప్పుపట్టాయి. ముందు చక్రం నీళ్ళన్నీ నేరుగా తగిలేది అక్కడే. చక్రాల నడుమ ఇరుసు తిరిగే హబ్బులు శుభ్రం చేసి గ్రీజు పెట్టారు, గేరు కేబులు మార్చారు.

లోపాలు లేకపోలేదు. ఒక్క రోజన్న పనికి మూడు రోజులు పట్టింది. మొదట సైకిలును మోటారు బండ్ల వాటర్ వాష్‌కు పంపబోయారు. అంత ఒత్తిడితో కొట్టే నీరు సీళ్ళను దాటి హబ్బుల్లోకి దూరుతుంది, నేను వద్దన్నాక బకెట్టు నీళ్ళతో బ్రష్షు పెట్టి కడిగారు. స్టెయిన్‌లెస్ కేబులు కూడా నేను అడిగితేనే వేశారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళో అది అడగకుండానే వేయాల్సింది.

కూలి 700, చైను 650, బీబీ 550, కేబుళ్ళు 200, రబ్బర్లు 160, బాల్స్ 60, మొత్తం 2,320 రూపాయలు. చేసిన పనికి ఇది న్యాయమైన ధరే. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్నవారు మాత్రం ఇంకో చోటు చూసుకోవడం మంచిది, గొట్టాల్లోంచి గాలి తీసే సామగ్రి ఇక్కడ లేదు. చైను మీద పూర్తి కవరున్న పాతకాలపు నల్ల సైకిలు వాడేవారికి చైను బెంగ తక్కువ, బీబీ, హబ్బులు విప్పించుకుంటే చాలు.

సైకిలు తీసుకునేటప్పుడు మేస్త్రి పాత ట్యూబు రబ్బరును జానెడు ముక్క కోసి, ముందు మడ్‌గార్డు చివర నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు దాకా వేలాడేలా రెండు బోల్టులతో బిగించారు, దానికి డబ్బు తీసుకోలేదు. డిసెంబరులో రెండు రోజులు వాన పడినప్పుడు ఆఫీసు నుంచి తిరిగొచ్చి చూస్తే, బురదంతా ఆ రబ్బరు ముక్క మీదే ఉంది, బీబీ గూడు చుట్టూ వేలితో తడిమితే ఇసుక తగల్లేదు.